పరిశోధకుని సమచిత్తము

విద్యార్థి జీవితమున సిద్ధాంతవ్యాస రచన ఒక కఠినమైన ఘట్టము. అంతవరకు ఇతరులు నిర్ణయించిన పాఠములను చదివి, ఇతరులు వేసిన ప్రశ్నలకు సమాధానములు వ్రాసినవాడు, ఇప్పుడు ప్రశ్నను తానే వేసికొని సమాధానమును తానే వెదకికొనవలెను. ఒకనాడు పది పుటలు సాగును. మరునాడు ఆ పదియు పనికిరానివని తోచును. క్రొత్త ఆధారము దొరికిన దినమున మనస్సు ఉప్పొంగును. పర్యవేక్షకుడు ఒక అధ్యాయమును తిప్పి పంపిన దినమున క్రుంగిపోవును. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో చేసిన నియమముల ప్రకారము పి.హెచ్‌డి. పట్టమునకు కనీసము 3, సాధారణముగా గరిష్ఠము 6 సంవత్సరముల గడువు కలదు. ఇంతకాలము చిత్తము ఇట్లు ఊగిసలాడుచుండినచో పని ఎట్లు పూర్తియగును?

ఈ ఆటుపోట్లకు పనిలోని కష్టము కొంత కారణము. అంతకు మించిన కారణము, వ్రాసినదానిని, వ్రాసిన తనను ఒకటిగా తలచుట. “ఈ వాదము నిలువదు” అను మాట “నీవు నిలువవు” అన్నట్లు వినబడును. అప్పుడు పనిని విడిచి పారిపోవలెననియో, ఎట్లయినను పట్టమును చేజిక్కించుకొనవలెననియో బుద్ధి పుట్టును. ఈ రెండవ బుద్ధియే పరుల వాక్యములను తనవిగా చూపుటకు ప్రేరేపించును. 2018లో ఆ సంఘమే గ్రంథచౌర్యమునకు శిక్షలు నిర్ణయించి, పోలిక 60 శాతమునకు మించినచో పరిశోధకుని నమోదును రద్దు చేయవలెనని విధించెను. శిక్షాభయము చౌర్యమును ఆపవచ్చును గాని సత్యముపై ప్రేమను పుట్టింపజాలదు.

డాక్టరు భీమరావు అంబేద్కరుగారు 1916లో ఉన్నతాధ్యయనమునకై లండను చేరిరి. బరోడా సంస్థానము వారి విద్యార్థివేతనము ముగియుటచే 1917లో చదువును సగములో ఆపి స్వదేశమునకు మరలవలసివచ్చెను. వేరొక ఓడలో పంపిన ఆయన పుస్తకములు యుద్ధకాలమున జలాంతర్గామి దాడిలో సముద్రము పాలాయెను. 1920లో ఆయన మరల లండను వెళ్ళిరి. రూపాయి సమస్యపై 1922లో సమర్పించిన సిద్ధాంతవ్యాసమును పరీక్షకులు యథాతథముగా అంగీకరింపక సవరింపుమనిరి. సవరించి పంపగా 1923లో డి.ఎస్‌సి. పట్టము లభించెను. ఆ గ్రంథమునకు పీఠిక వ్రాసిన ఆచార్య ఎడ్విన్ కానన్, అందలి వాదములలో అనేకము తనకు సమ్మతము కావని స్పష్టముగా చెప్పుచునే, వానిలోని నవ్యతను గుర్తించిరి.

ఆ ఏడు సంవత్సరములలో ఆయన అంతరంగమున ఏమి జరిగెనో ఇతరులు చెప్పజాలరు. కనబడునది ఆయన కార్యము మాత్రమే. పుస్తకములు పోయినను అధ్యయనము పోలేదు. తిరిగి వచ్చిన వ్యాసము మరల దిద్దబడెను.

ఇచట ఒక సందేహము కలుగును. ఫలమునందు ఆసక్తి లేనివాడు ఇంత శ్రమ ఏల పడును? నిస్సంగత్వము సోమరితనమునకు మారుపేరు కాదా? గీత 18వ అధ్యాయమున సాత్త్విక కర్త లక్షణములు చెప్పబడినవి. అతడు సిద్ధి, అసిద్ధులయందు నిర్వికారుడు, అహంకార రహితుడు, అయినను ధృతియు, ఉత్సాహమును కలవాడు. అహంకారము తొలగినంత మాత్రమున ఉత్సాహము తొలగదని దీని భావము. శరీరక్లేశమునకు వెఱచి కర్మను విడుచుటను ఆ అధ్యాయమే రాజస త్యాగముగా గణించి, దానివలన త్యాగఫలము కలుగదని చెప్పుచున్నది. అనారోగ్యముచేతనో, కుటుంబభారముచేతనో పని ఆగుట వేరు. భయముచే ఆపుట వేరు. ఈ భేదమును ఎవరికి వారే నిజాయతీతో పరీక్షించుకొనవలెను.

పరీక్షకుని నిర్ణయము, పట్టము, పిదప రాదగిన ఉద్యోగము పరిశోధకుని చేతిలోనివి కావు. నేడు చదువవలసిన పుట, సరిచూడవలసిన ఆధారము, తప్పని తేలిన వాక్యమును కొట్టివేయు ధైర్యము అతని చేతిలోనివి. విమర్శ సరియైనచో సవరింపవలెను. కానిచో శాంతముగా ఆధారములతో తన వాదమును నిలుపుకొనవలెను. ఇట్లు వ్రాసినవానికి పట్టము ఆలస్యమైనను, ఆ సంవత్సరములు వ్యర్థములు కావు. సత్యమునకు తలయొగ్గుట అలవడిన చిత్తము అతనికి జీవితాంతము తోడుండును.