కనెక్టికట్ తీరమున ఆనందమీమాంస

తైత్తిరీయోపనిషత్తులోని ఆనందవల్లిని చదివినవారికి, మానవుని సుఖమునకు కొలత యుండునా అను ప్రశ్న కొత్తది కాదు. యౌవనము, సచ్ఛీలము, విద్య, దృఢమైన దేహము, ధనపూర్ణమైన భూమండలము, ఇవన్నియు ఒక్కని యందే కూడినచో కలుగునది ఒక మానుషానందమని ఋషి నిర్ణయించి, దానిని నూరింతలు చేసి మనుష్యగంధర్వులకు, మరల నూరింతలు చేసి దేవగంధర్వులకు, అటుపై పితరులకు, దేవతలకు అనుచు బ్రహ్మానందము వరకు సోపానములు కట్టెను. నేడు అమెరికాలో ఏ రాష్ట్రమున జీవితము మేలైనదో తేల్చబూనిన గణకులు లెక్కకు తీసికొనునవియు ఆదాయము, విద్య, ఆరోగ్యము, ఆయుఃప్రమాణములే; ఉద్యోగార్థమై అచ్చటికి పోయిన మన తెలుగు కుటుంబములు టెక్సస్సా, కాలిఫోర్నియాయా అని తర్కించుకొనునప్పుడు తూచునవియు దాదాపు ఇవే. కాని ఋషి రెండవ సోపానము మొదలు ప్రతి మెట్టునందును ఒక నియమమును విడువక చెప్పెను: కామోపహతుడు కాని శ్రోత్రియునకును ఆ యానందము కలదని. ఈ నియమమును గణకులు వదలివేసిరి. వదలివేసినందున కొలత యెంతగా వంకరపోవునో చూచుటకు వెర్మాంటు, న్యూ హాంప్‌షైరు అను రెండు రాష్ట్రములకంటె తగిన తావు నాకు కనబడదు.

ఈ రెండింటి నడుమ కనెక్టికట్ నది ప్రవహించుచున్నది. ఇరుగట్టులను కురియునది ఒకే మంచు. పెరుగునవి అవే మేపుల్ చెట్లు. నాగటికి తగులునవి అవే రాళ్ళు. మహాకవి రాబర్ట్ ఫ్రాస్ట్ రెండు చోట్లను కాపురముండెను. ‘న్యూ హాంప్‌షైరు’ అను కావ్యసంపుటిని 1923లో వెలువరించునాటికి ఆయన నివాసము వెర్మాంటులోనిది. ఇంతటి సామ్యము గల యీ రెండు సీమలు మంచి జీవితమనగా నేమి యను ప్రశ్నకు మాత్రము వేర్వేరు సమాధానములు చెప్పినవి. స్వేచ్ఛగా జీవింపుము, లేదా మరణింపుము అనునది న్యూ హాంప్‌షైరు 1945లో స్వీకరించిన నినాదము. స్వాతంత్ర్యము, ఐక్యము అనునది వెర్మాంటు నినాదము. నినాదములు రాజముద్రలకు అలంకారములే యని తోసివేయవచ్చును గాని, ఇచ్చట అవి శాసనములై దేహము ధరించినవి. న్యూ హాంప్‌షైరున జీతముపై పన్ను లేదు, అంగడి సరకులపై సాధారణమైన అమ్మకపు పన్ను లేదు, కారులో కూర్చున్న పెద్దలు సీటుబెల్టు పెట్టుకొని తీరవలెనను చట్టము సైతము లేదు. వెర్మాంటులో ఆ రెండు పన్నులును గలవు. అది 1968లో దారుల వెంబడి ప్రకటనల బోర్డులను నిషేధించినది. 1970 నుండి పెద్ద కట్టడములను, నేలకు నీటికి కలుగు హానిని విచారించిన పిమ్మటనే అనుమతించుచున్నది.

ఈ భేదము పసిబిడ్డల దాక పోయినచోటనే నా మనస్సు నిలిచిపోవును. న్యూ హాంప్‌షైరున బడి ఖర్చులో పెద్ద భాగము ఆ యా ఊరి ఆస్తిపన్ను మీదనే ఆధారపడినది. క్లేర్‌మాంటు వంటి పాత మిల్లుల ఊరిలో ఆస్తుల విలువ స్వల్పము గనుక ప్రజలు హెచ్చు రేటున పన్ను కట్టియు బడికి కొంచెమే సమకూర్చుకొందురు. ధనికుల వేసవి గృహములు సరస్సుల చుట్టు వెలసిన ఊరిలోనో, తక్కువ రేటుకే పుష్కలముగా చేకూరును. క్లేర్‌మాంటును, దానితో చేరిన మరికొన్ని ఊళ్ళును న్యాయస్థానమునకు పోగా, బిడ్డలకు తగిన విద్య నొసగుట రాష్ట్రము విధి యని 1993లోను, ఈ పన్నుల పద్ధతి రాజ్యాంగవిరుద్ధమని 1997లోను తీర్పులు వచ్చెను. అదే 1997లో వెర్మాంటు న్యాయస్థానమును ఇట్టి తీర్పే చెప్పగా, ఆ రాష్ట్రము కొన్ని నెలలలోనే ఆస్తిపన్నును రాష్ట్రమంతటికి ఉమ్మడి చేసి పంచు చట్టమును తెచ్చెను; సంపన్నమైన ఊళ్ళు మండిపడినను వెనుకాడలేదు. న్యూ హాంప్‌షైరున ఆ వివాదము దశాబ్దములు సాగినది. పన్ను లేని జీతమును చూచి ఇది మేలైన రాష్ట్రమని నిర్ణయించువాడు తన సంచిని కొలిచెనే గాని, ప్రక్కయూరి బిడ్డ చదువును కొలువలేదు. నేను వెర్మాంటు పక్షమున మొగ్గుట ఇందుచేతనే.

అయినను ఆ మొగ్గునకు ఎదురు చెప్పు విషయములు లేకపోలేదు. ఇల్లు కట్టుట కష్టమైనకొలది ఇండ్లు అరుదగును, అరుదైనకొలది ధర హెచ్చును. వెర్మాంటు తన కొండల సౌందర్యమును కాపాడుకొనుటవలన కలిగిన భారము కొంత పేదలపైననే పడినది. ఇక న్యూ హాంప్‌షైరు స్వేచ్ఛయు అల్పమైనది కాదు. జార్జి మేనార్డ్ అను యెహోవా సాక్షుల మతస్థుడు, ప్రాణము దైవదత్తమని నమ్మినవాడై, తన కారు నంబరు పలకపై అచ్చైయున్న రాష్ట్ర నినాదమును కప్పివేసెను. జుల్మానా కట్టనందున 15 దినములు చెరలో నుండెను. 1977లో అమెరికా సుప్రీంకోర్టు, పౌరుని చేత రాష్ట్రము తన భావమును బలవంతముగా మోయింపరాదని తీర్పు చెప్పెను. స్వేచ్ఛ సైతము ఆజ్ఞయైనప్పుడు బంధమగునని చూపిన ఈ మనుష్యుడు ఏ లాభమును కోరలేదు. ఏ పట్టికలోను ఎక్కని ఆ నిశ్చింత, ఋషి చెప్పిన నియమమునకు దగ్గరిదని నేను విశ్వసించుచున్నాను.

నిజమునకు ప్రజలు ఈ సరిహద్దును నిత్యమును దాటుచునే యున్నారు. వెర్మాంటు వారు పన్ను లేని సరకులకై వంతెన దాటి వెస్ట్ లెబనాను అంగళ్ళకు పోవుదురు. జబ్బు చేసినచో లెబనానులోని పెద్ద ఆసుపత్రికే పోవుదురు. న్యూ హాంప్‌షైరులోని హానోవరు, ఎదుటి గట్టుననున్న వెర్మాంటు ఊరు నార్విచ్ కలిసి, 1963లో కాంగ్రెసు ఆమోదముతో రెండు రాష్ట్రములకు చెందిన మొట్టమొదటి ఉమ్మడి విద్యామండలమును స్థాపించినవి. ఇరుగట్టుల బిడ్డలును ఒకే ఉన్నత పాఠశాలలో చదువుచున్నారు. అయితే ఆ రెండూళ్ళును కలిగినవే. సమానులు సమానులతో కలుపుకొన్న పొత్తు అది. దిగువ గట్టుననున్న క్లేర్‌మాంటు బిడ్డల ప్రశ్న దానివలన తీరలేదు.