సముద్రతీరమున విశ్రాంతి - గృహస్థధర్మము

విశ్రాంతిని కోరుట దోషమా? ప్రశ్న చిన్నదిగా కనిపించును గాని, భగవద్భక్తి గల గృహములలో దీనికి సమాధానము చెప్పుట అంత సులభము కాదు. తీర్థయాత్రకు పోవుచున్నామని చెప్పుటకు ఎవరును సంకోచింపరు. పెండ్లికి పోవుచున్నామనియో, పొలము చూచి వచ్చెదమనియో చెప్పుటకు సంకోచింపరు. "ఊరకనే సముద్రపు ఒడ్డున రెండు దినములు కూర్చుండి వచ్చెదము" అనుటకు మాత్రము నోరు రాదు.

నర్సీపట్నము వంటి ఊరిలో ఈ సంకోచము మరింత స్పష్టముగా తెలియును. తూర్పు కనుమల పాదమున, చింతపల్లి మన్యమునకు పోవు దారిలో ఉన్న ఊరు ఇది. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నము జిల్లాలోనిది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోనిది. ఈ ప్రాంతపు వరాహనది సముద్రమును చేరును గాని ఊరివారికి సముద్రము కనబడదు; కనబడునది కొండ. అందుచేత ఏటికొకసారి సముద్రమును చూడవలెనను కోరిక ఇక్కడి కుటుంబములలో సహజము. విశాఖ తీరము ఇప్పుడు సందడిమయము. కావున దానికి ఉత్తరముగా, గోస్తనీనది సముద్రమున కలియు చోటనున్న భీమునిపట్నము వైపు మనసు పోవును. ఈ మాట ఎత్తగానే ఇంటి పెద్దలు అడుగు మొదటి ప్రశ్న: "ఏమి మొక్కు నాయనా?"

మొక్కు ఏదియు లేదు. లేదని చెప్పుట ఎట్లు? "సింహాచలము కూడ చూచి వత్తుము" అని కుమారుడనును. "ఉపమాక దర్శనము కూడ అగును" అని కోడలనును. ఉపమాక అసలు దారిలోనిది కాదు. తాళ్ళపాలెము వద్ద పెద్ద రోడ్డు ఎక్కినవారికి విశాఖ ఒక దిక్కు. ఎలమంచిలి మీదుగా నక్కపల్లి, ఉపమాక వేరొక దిక్కు. అయినను పెద్దలు సంతోషింతురు. విహారము యాత్ర అయినది గదా!

ఫలితము మనము ఎరుగనిది కాదు. తెల్లవారకముందే ప్రయాణము. సింహాద్రినాథుని సన్నిధిలో నిలిచిన క్షణమున కూడ కన్ను గడియారముపైననే. పిల్లలు ఆకలికి ఏడ్చుచుందురు. మధ్యాహ్నపు ఎండలో ఇసుక కాలుచుండగా సముద్రమును చూచితిమనిపించుకొని, రాత్రికి ఇల్లు చేరుదురు. దర్శనమును నిండుగా జరుగలేదు, విశ్రాంతియు దొరకలేదు. వరాహనరసింహుడు మన ప్రయాణమునకు సాకు కావలెనా? సింహాచలమునకు పోదలచినవారు సింహాచలమునకే పోవలెను. ఉపవాసముండియో, మెట్లెక్కియో, స్వామిని కన్నులారా చూచి తిరిగి రావలెను. యాత్రకు సంకల్పమున్నది, నియమమున్నది, శరీరమునకు కొంత శ్రమయు ఉన్నది. విశ్రాంతికి ఆ మూడును అక్కరలేదు. రెంటిని ఒకే సంచిలో కుక్కినచో రెండును నలుగును.

మరి సంకల్పము లేని విశ్రాంతి భక్తునికి తగునా? భగవద్గీత ఆరవ అధ్యాయమున యోగమును ఉపదేశించుచు శ్రీకృష్ణపరమాత్మ ఆహారమును, నిద్రను, మేలుకొనుటను చెప్పినచోటనే విహారమును కూడ చెప్పెను. విహారమనగా నడక, సంచారము అని పెద్దలు అర్థము చెప్పిరి. అతిగా తినువానికి, అసలు తిననివానికి, అతిగా నిద్రించువానికి, నిద్రయే లేనివానికి యోగము కుదరదు. అన్నియు మితముగా నున్నవానికే అది దుఃఖమును పోగొట్టును అని అక్కడి భావము. విహారము లేకుండవలెనని ఆయన చెప్పలేదు. తగినంత ఉండవలెననెను.

మన ఆలయములలో స్వామికి జరుగు ఉపచారములను చూడుడు. తిరుమలలో రాత్రి ఏకాంతసేవలో భోగశ్రీనివాసమూర్తిని పవళింపజేసి తాళ్ళపాక వారి లాలి పాడుదురు. తరిగొండ వెంగమాంబ పేర ముత్యాలహారతి ఇత్తురు. ధనుర్మాసమున ఆ సేవ శ్రీకృష్ణస్వామికి జరుగును. ఆషాఢ శుద్ధ ఏకాదశినాడు స్వామి శయనించునని, భాద్రపదమున ప్రక్కకు ఒత్తిగిలునని, కార్తికమున లేచునని మన పంచాంగములే చెప్పుచున్నవి. స్వామి నిద్ర యోగనిద్ర. మన నిద్ర నిద్రయే. ఆ పోలికను ఎక్కువ దూరము లాగుట మంచిది కాదు. అయినను పరుండబెట్టుట కూడ ఒక సేవయేనని ఎరిగినవారు, తమ ఇంట అలసినవారిని కూర్చుండబెట్టుటకు ఎందులకు సిగ్గుపడవలెను?

ఇంతకంటె లోతైన విషయమొకటి ఉన్నది. మనము శరణాగతులమని చెప్పుకొందుము. భారమంతయు భగవంతునిపై ఉంచితిమని నిత్యము అనుసంధింతుము. కాని దుకాణమును రెండు దినములు మూయుమన్నచో ప్రాణము పోయినట్లుండును. నేను లేనిచో లెక్కలు ఏమగును, కూలీలు ఏమి చేయుదురు, ఇల్లు ఎట్లు నడచును అను చింత వదలదు. నిజముగా భారమును ఆయనపై ఉంచినవాడు రెండు దినములు ఊరకుండలేడా? ఉండలేనిచో మన శరణాగతి వాక్కును దాటి లోనికి పోలేదేమోయని ఆలోచింపవలసి ఉన్నది.

రామాయణమున శరణాగతికి సముద్రతీరమే రంగస్థలమైనది. విభీషణుడు శ్రీరాముని శరణు పొందినది ఆ ఒడ్డుననే. అటుపిమ్మట శ్రీరాముడు దర్భలు పరచుకొని మూడు రాత్రులు సముద్రునికెదురుగా శయనించెను. తిరుప్పుల్లాణి క్షేత్రమున దర్భశయనుడై నేటికిని సేవలందుకొనుచున్నాడు. సీత లంకలో నున్నది. ప్రతి ఘడియయు విలువైనది. అయినను ఆయన ఆగెను. అది విశ్రాంతి కాదు, వ్రతము. సముద్రుడు పలుకకపోవుటయు, స్వామి విల్లందుకొనుటయు మనకు తెలిసినవే. సమర్థుడు అసమర్థుని శరణు వేడుట పొసగదని పెద్దలు దీనిపై చర్చించిరి. నాకు మాత్రము ఆ ఘట్టమున మరియొకటి తోచును. సముద్రము ఎవరి ఆజ్ఞకును తొందరపడదు. ఇంటిలో, కచేరీలో, అంగడిలో తన మాట చెల్లించుకొను గృహస్థుడు దాని ఎదుట ఒక పూట కూర్చుండినచో, తనవలననే లోకము నడచుచున్నదను భ్రమ కొంత సడలును. ఒడ్డున కూర్చుండుటకు అంతకు మించిన ప్రయోజనము వెదకనక్కరలేదు.

అయితే ఇక్కడనే పెద్ద మోసమొకటి పొంచియున్నది. భారము భగవంతునిపై వేసితిమని అనుకొందుము. చూడబోయినచో వేసినది కోడలిపై.

శ్రీవైష్ణవ గృహములలో బయటి అన్నము తినని నియమము ఇంకను అక్కడక్కడ నిలిచియున్నది. నియమము మంచిది. కాని ప్రయాణములో దాని బరువు ఎవరిపై పడుచున్నది? బయలుదేరు దినమున తెల్లవారుజామున మూడు గంటలకు లేచి పులిహోర కలుపునది ఆమె. పెరుగు, ఊరగాయ, నూనె, పప్పులు, పొయ్యి సర్దునది ఆమె. భీమిలిలో గది చేరగానే మగవారు కిటికీ తీసి "ఎంత చల్లని గాలి!" అనుచుండగా, నీటి కుళాయి ఎక్కడనున్నదో వెదకునది ఆమె. సముద్రము వంటగది కిటికీలోనుండి కొంచెము కనబడినచో అదియే ఆమెకు దక్కిన దర్శనము. ఇంటివద్ద ఆమెకు అన్నియు చేతికందును. ఇక్కడ ఉప్పు కూడ వెదకికొనవలెను. ఇట్టి ప్రయాణమునకు కుటుంబవిశ్రాంతి అని పేరు పెట్టుట ధర్మము కాదు.

నియమమును విడువకయే దీనికి దారి కలదు. అటుకులు, పేలాలు, బెల్లము, అరటిపండ్లు, పాలు ఉన్నచో ఒక పూట పొయ్యి వెలిగింపకయే గడచును. రెండవ పూట వంట మగవారు చేయవలెను. మగవాడు వంట చేయుటయా యని ముక్కున వ్రేలు వేసుకొనువారు తిరుమల పోటును తలచుకొందురు గాక. స్వామికి అన్నప్రసాదములు, లడ్డూలు సిద్ధము చేయు పాచకులు పురుషులే. పెరుమాళ్ళకు వండుట గౌరవమైనప్పుడు భార్యకు, తల్లికి రెండు దినములు వండిపెట్టుట అగౌరవమెట్లగును? అన్నము కొంచెము మెత్తబడవచ్చును, పప్పున ఉప్పు తగ్గవచ్చును. సముద్రపు గాలికి ఆకలి బాగుగా పుట్టును, ఎవరును పట్టించుకొనరు.

ఇక ఒడ్డుననున్న పరులను గూర్చి. మనకు విశ్రాంతిస్థానమైన ఇసుక మత్స్యకారులకు పనిచేయు చోటు. వల ఎండుచుండగా దానిపై నడచిపోవుట, తెప్పలపై పిల్లలను ఎక్కించి ఆడించుట, చేపల వాసనకు బాహాటముగా ముక్కు మూసికొనుట మనవారిలో కద్దు. శాకాహారము మన నియమము. ముఖము చిట్లించుట నియమములోనిది కాదు. శ్రీరాముని గంగ దాటించిన గుహుని కథను భక్తితో వినువారు పడవవానిని చూచి ప్రక్కకు తొలగుట వింత. తూర్పుతీరమున ఏటేటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మర, మోటారు పడవలపై చేపలవేట నిషిద్ధము. అది చేపలు గ్రుడ్లు పెట్టు కాలము. ఆ దినములలో పడవలు ఒడ్డుననే ఉండును, మనుష్యులు నీడన కూర్చుండి వలలు బాగుచేసికొనుచుందురు. చూచినవారికి అది విశ్రాంతివలె కనిపించును. ఆ ఇండ్లలో అది రాబడి తగ్గిన కాలము. ప్రభుత్వ భృతికై ఎదురుచూచు కాలము. కోరి కూర్చుండుటకును, కూర్చుండక తప్పకుండుటకును గల భేదము ఆ ఒడ్డున తెలిసినంతగా వేరొకచోట తెలియదు.

సముద్రమును చూచి సేవింపవచ్చును గాని పర్వదినములందు తప్ప తాకరాదని పెద్దల మాట ఒకటి కలదు. మాఘపూర్ణిమనాడు మన తీరమంతట స్నానములు జరుగుట దానికి అనుగుణమే. ఆ మాటను ఈనాటి యువకులు మూఢముగా భావింపవచ్చును. 2022 జూలై 29న పూడిమడక తీరమున స్నానమునకు దిగిన అనకాపల్లి ప్రాంతపు విద్యార్థులు పలువురు అలలకు బలియైరి. పరీక్షలు ముగిసిన ఆనందములో వచ్చిన పిల్లలు వారు. తల్లిదండ్రుల దుఃఖమునకు మాటలు లేవు. తాకవలదన్నవారు సముద్రమును ద్వేషించి చెప్పలేదు. దాని స్వభావమును ఎరిగి చెప్పిరి. ఒడ్డున కూర్చుండి చూచుట చాలును. పిల్లలు పాదములు తడుపుకొందుమన్నచో ఈత వచ్చిన పెద్దవాడొకడు చేయి పట్టుకొని నిలువవలెను; ఆ సమయమున వాని చరవాణి సంచిలోనుండుట మంచిది.

కాలమును కూడ చూచుకొనవలెను. ఆశ్వయుజ కార్తికములు తుపానుల కాలము. హుద్‌హుద్ విశాఖ తీరమును తాకినది 2014 అక్టోబరు 12న. వైశాఖ జ్యేష్ఠములలో ఎండ వృద్ధులకు ఓర్వరానిది. సంక్రాంతి దాటినపిమ్మట మాఘ ఫాల్గునములు అన్నివిధముల అనుకూలము. పంట ఇంటికి చేరియుండును, గాలి చల్లగానుండును.

భీమునిపట్నము అలసినవారికి తగిన ఊరు. 17వ శతాబ్దమున డచ్చివారు ఇక్కడ వర్తకస్థానము నెలకొల్పిరి. 1825లో అది ఆంగ్లేయుల వశమైనది. 1861లోనే పురపాలకసంఘము ఏర్పడిన ఊరు, 2013లో విశాఖ మహానగరములో కలిసినది. ఒకనాడు ఓడలు ఆగిన రేవు ఇది. ఇప్పుడు ఓడలు లేవు. డచ్చివారి సమాధులు, దీపస్తంభము, కొండపై లక్ష్మీనరసింహస్వామి ఆలయము మిగిలినవి. ఎంతో పని చేసి కూర్చున్న వృద్ధునివలె నుండును. అక్కడికి పోయి చూడవలసినవాటి పట్టిక వ్రాసికొనువారిపై నాకు జాలి కలుగును. రెండు రాత్రులుండునట్లు గది మాటాడుకొనవలెను. ఒక్క రాత్రి చాలదు, మొదటి దినమంతయు ప్రయాణపు బడలికలోనే పోవును. సాయంకాలము గోస్తని కలియు చోటికి నడచి రావచ్చును. మనసు పుట్టినచో స్వామి కొండ ఎక్కవచ్చును. మోకాళ్ళ నొప్పి గలవారు క్రిందనుండియే నమస్కరించినను స్వామికి కనబడరా?

చివరకు ఇంటి సాలగ్రామముల సంగతి. నిత్యారాధన ఆగరాదు. ఈ కారణముచేతనే ప్రతి ప్రయాణమునకును ఇంటి వృద్ధుడొకడు వెనుక నిలిచిపోవుచుండును. "నాకేమి నాయనా, దీపము పెట్టుకొని కూర్చుండెదను, మీరు పోయి రండు" అనును. ఆయన మాటను అందరును వెంటనే అంగీకరింతురు. అంత త్వరగా అంగీకరించుట చూచినచో బాధ కలుగును. ఆయన సముద్రమును చూచి ఎన్ని ఏండ్లయినదో ఎవరును అడుగరు. దగ్గరి బంధువులు ఆరాధన గలవారైనచో వారియింట సాలగ్రామములను ఉంచవచ్చును. లేనిచో చిన్న పెట్టెలో వేంచేపు చేసికొని వెంట తీసికొనిపోవచ్చును. పూర్వులు కాశీయాత్రకు అట్లే పోయిరి. భీమిలి గదిలో ఒక మూల శుభ్రపరచి పీట వేసినచో చాలును. పాలు, పండ్లు అక్కడ దొరకును. తులసి దొరకునో లేదో. ఇంటినుండి దళములు తడిగుడ్డలో చుట్టి తీసికొనిపోవలెను. ద్వాదశినాడు తులసి కోయరు గనుక, ప్రయాణము ఆనాడు పడినచో ముందుగనే కోసి ఉంచుకొనవలెను.