పెట్టెలో దాచిన కాయకము

కాయకమనగా చేతిపని యని మాత్రమే తలచుట మన యిండ్లలో పరిపాటియైనది. మగ్గము నేయుట, పొలము దున్నుట, అంగడి నడుపుట కాయకములే, సందేహము లేదు. అయితే ఒక తల్లి లింగపూజావేళ తనంతట తాను కట్టుకొన్న మంగళహారతి పాట కాయకము కాదా? ఒక యువకుడు రాత్రివేళ కూర్చుండి వ్రాసిన పద్యము కాయకము కాదా? అట్టి పాటలు, పద్యములు ఎన్నో నోటుపుస్తకములలో, ట్రంకుపెట్టెల అడుగున, పట్టుచీరల మడతల నడుమ పడియున్నవి. మఠములో పదిమంది యెదుట పాడుమని అడిగినచో వచ్చెడి సమాధానము ఒక్కటే: "ఇంకను సరిగా కుదరలేదు."

ఈ మాట వినుటకు వినయము వలె నుండును. కాని శరణుల బోధలో కాయకమునకు దాసోహము జంట. సంపాదించినది జంగమమునకు, సమాజమునకు అర్పింపబడినప్పుడే ఆ కాయకము పూర్తియగును. ధాన్యమును గాదెలో దాచినవానిని లోభి యందుము. పాటను పెట్టెలో దాచినవారిని మాత్రము వినయశీలురని మెచ్చుకొందుము. ఈ భేదమేల?

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ శరణబంధువు లెరిగినదే. రాలిన బియ్యపు గింజల నేరుకొని వచ్చి, వాటితో దాసోహము సాగించుట మారయ్య కాయకము. ఒకనాడాతడు నిత్యము తెచ్చు కొలతకంటె అధికముగా తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు, ఈ ఆశ మనకేల యని మందలించి, అధికమైన బియ్యమును తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపెను. సాధారణముగా ఈ కథను ధనాశకు సంబంధించినదిగా చెప్పుదురు. అది నిజమే. అయితే ఇందులో మరియొక సూక్ష్మమున్నది. నేటి కాయకమునకు నేటి కొలత చాలును. ఆ కొలతతోనే నేటి దాసోహము జరుగవలెను. రేపు ఇంతకంటె గొప్పది వ్రాసెదను, అప్పుడు వినిపించెదనని నేటి పంక్తిని నిలిపివేయువాడు కూడ కొలతకు మించిన దానినే ఆశించుచున్నాడు. ఆతడు కోరునది బియ్యము కాదు, కీర్తి. నిర్దోషమైన కృతితోనే సభలో ప్రవేశింపవలెనన్న పట్టుదలలో, తనను ఎవ్వరును వేలెత్తి చూపరాదన్న అహంకారము దాగియున్నది.

అట్లని శ్రద్ధ వలదని కాదు. కన్నప్ప తాను తెచ్చిన మాంసఖండములను రుచి చూచి, మేలైనదానినే స్వామికి సమర్పించెను. ఎన్నిక చేయుటలో ఆతనికున్న శ్రద్ధ ఏ పండితునకును తీసిపోదు. కాని తనకు మంత్రము రాదనియు, విధి తెలియదనియు గుడి వెలుపల నిలిచిపోలేదు. శ్రద్ధ చేతిని పదునుపరచును. భయము చేతిని కట్టివేయును. పైకి రెండును ఒకే తీరున కనబడును గాన జాగ్రత్తగా వేరుచేసి చూచుకొనవలెను.

కల్యాణములోని అనుభవమంటపమున కూర్చున్నవా రెవ్వరు? పడవ నడుపు అంబిగర చౌడయ్య, బట్టలుతుకు మడివాళ మాచయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య. వీరిలో ఛందశ్శాస్త్రము చదివి వచ్చిన వారెందరు? బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో భండారి. అట్టివాడే తనకు తాళమానములు తెలియవని ఒప్పుకొని, తన మనసునకు నచ్చినట్లు పాడుదునని చెప్పుకొనెను. చౌడయ్య తన వచనములకు ముద్రికగా తన పేరునే యుంచెను. పడవవాని పేరు సాహిత్యములో నిలుచుటకు తగునా యని ఆతడు సంకోచించియుండినచో నేడు మన కాతని వచనములు లేవు.

అనుభవమంటపము మెప్పుదల మాత్రమే పంచిన సభ కాదని కూడ గ్రహింపవలెను. అక్కమహాదేవి వచ్చినప్పుడు అల్లమప్రభువు వేసిన ప్రశ్నలు మెత్తనివి కావు. ఆ సంవాదమును శూన్యసంపాదనె అను గ్రంథము మనకందించినది. ఆ గ్రంథపు కథయు ఇచ్చట స్మరింపదగినదే. పదునైదవ శతాబ్దమున శివగణప్రసాది మహాదేవయ్య దానిని మొదట కూర్చెను. పిమ్మట హలగెయార్యుడు, గుమ్మళాపుర సిద్ధలింగయతి, గూళూరు సిద్ధవీరణార్యుడు ఒకరి వెనుక నొకరు దానిని మార్చి, చేర్చి, తిరిగి కూర్చిరి. తన కూర్పులో లోపములున్నవేమో యని మహాదేవయ్య దానిని దాచియుండినచో తరువాతి ముగ్గురు దిద్దుటకు ఏమి మిగిలియుండెడిది? దోషము దిద్దబడవలెనన్నను ముందు కృతి వెలుగు చూడవలెను గదా.

తెలుగువారికి పాల్కురికి సోమనాథుని ఉదాహరణము చాలును. నన్నయ, తిక్కనలు చంపూమార్గమును ప్రతిష్ఠించిన భాషలో ఆయన బసవపురాణమును ద్విపదలో, జానుతెనుగులో రచించెను. ద్విపదను చులకనగా చూచువారుందురని ఆయనకు తెలియును. తెలిసియే, అది ఏల తగునో కావ్యారంభముననే సమాధానము చెప్పుకొనెను. (ఆ సమాధానము నేటికిని రుచింపని పండితులు కొందరు లేకపోలేదు.) విమర్శ యుండదని కాదు, వినవలసినవారు వేచియున్నారని ఆయన వ్రాసెను. 1369లో భీమకవి ఆ పురాణమును కన్నడములోనికి తెచ్చెను.

భయమును పెంచుటలో పెద్దల పాలును కలదు. బాలిక పాడిన తొలి పాటలో యతి తప్పినదని పదిమందిలో నవ్విన పెద్ద, ఆ నోటిని జీవితాంతము మూయించినవా డగును. వినువారికిని ఒక కాయకమున్నది: చివరివరకు వినుట, పిదప దోషమును చాటున చెప్పుట. సోమవారపు భజనలో ఒక పాట, బసవజయంతినాడు ఒక చిన్న ప్రసంగము, మొదట ఇంటిలోని నలుగురి యెదుట, పిదప మఠములోని నలుబదిమంది యెదుట: మఠములు ఈ మాత్రపు అవకాశము కల్పింపలేనివి కావు.

కల్యాణమున కల్లోలము చెలరేగినప్పుడు శరణులు వచనముల కట్టలను మోసికొని ఉళివి వైపు తరలిరని సంప్రదాయము చెప్పుచున్నది. తరువాత ఆ తాళపత్రములు మఠములలో, ఇండ్లలో శతాబ్దములపాటు మూటలుగా నుండెను. విజాపురపు న్యాయవాది ఫ.గు. హళకట్టి వాటిని వెదకి కూర్చి, 1923లో వచనశాస్త్రసారమును వెలువరించెను. సేకరణ ముగియువరకు ఆయన ఆగలేదు. దొరికినంత ముద్రించెను, ముద్రణాలయమునకై తన యింటిని అమ్ముకొనెను, 1926 నుండి శివానుభవ పత్రికలో ఆ పనిని కొనసాగించెను. 1993లో కర్ణాటక ప్రభుత్వము సమగ్ర వచన సంపుటములను 15 భాగములుగా ప్రకటించుటకు ఆ తొలి యడుగు దారి చూపినది.

ఆ వచనరాశిలో సూళె సంకవ్వ అను శరణి పేర మిగిలినది ఒక్కటే వచనము. ఆమె వేశ్యావృత్తి నుండి వచ్చిన స్త్రీ. నలుగురేమందురో యని వెనుదీయుటకు కల్యాణమున ఆమెకున్నంత కారణము మరియెవరికిని ఉండియుండదు. ఆమె తన వచనమునకు ముద్రికగా ఎంచుకొన్న ఇష్టదైవపు పేరు నిర్లజ్జేశ్వరుడు.