గుట్ట యెక్కవలసినవా రెవరు?

ఋణస్థుడు ఋణదాత యింటికిఁ బోయి బాకీ చెల్లించుట లోకమర్యాద. బాకీ రావలసినవాఁడే యెదురుపోయి, "అయ్యా, నేను నేనే" యని ప్రమాణము చేయవలసివచ్చినచో దానిని మన మేమందుము? డిజిటల్ సేవ యను పేరుతో మన్యములో జరుగుచున్నది సరిగా నిట్టిదే.

2013వ సంవత్సరపు జాతీయ ఆహారభద్రతా చట్టముచే నంత్యోదయ కుటుంబమునకు నెలకు 35 కిలోల ధాన్యము హక్కయినది. హక్కనఁగా భిక్ష గాదు, ప్రభుత్వము తీర్పవలసిన బాకీ. అయినను పాడేరు, అరకు ప్రాంతముల గుట్టలనడుమ నున్న పల్లెలలో నా బియ్యము చేతికి రావలెనన్న వ్రేలిముద్రను యంత్రము గుర్తింపవలెను. గుర్తించుటకు సిగ్నలు కావలెను. సిగ్నలు లేనిచోట డీలరును, కార్డుదారులును యంత్రమును జేతఁబట్టుకొని గుట్ట యెక్కిన దినములు కలవు. ముసలివారు సైతము! పోడు కొట్టి, గడ్డపార పట్టి యరిగిపోయిన వ్రేళ్లపై గీతలు నిలువవు. కష్టించినవాని చేతినే యంత్రము నమ్మకుండుట యెంత వింత!

దొంగతనమును మాన్పుటకే యీ యేర్పాటని పెద్దలు చెప్పుదురు. దొంగతనము లేదని మే మనము. దొంగకార్డులు కొన్ని యూడినమాటయు నిజమే. కాని గోదాములోను, త్రాసులోను బియ్యము తఱుగుచుండఁగాఁ బరీక్ష యంతయు నాఁకలిగొన్నవాని బొటనవ్రేలికే పెట్టుట యే న్యాయము? యంత్రము వ్రేలిముద్రను గుర్తింపకున్నను బియ్యము నిరాకరింపరాదని కేంద్రప్రభుత్వమే 2017 అక్టోబరులో నుత్తరువు చేసినది. ఆ యుత్తరువు కువి తప్ప వేఱుభాష యెఱుఁగని యవ్వకు వినిపించినవా రెవరు?

భాషాసమస్య యొక్క విశాఖమన్యమునకే పరిమితము గాదు. తెలంగాణములోని ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామమున దొరకిన గోండీలిపి 2018లో యూనికోడున కెక్కినది. సంతోషమే. 2011 జనాభా లెక్కలలో దేశమున గోండీ మాతృభాషగాఁ గలవారు సుమారు 29 లక్షలు. అయినను లిపి యంత్రమున కెక్కినంతమాత్రమున గోండీలో వ్రాసిన యర్జీని జదువు గుమాస్తా పుట్టఁడు గదా! టవరు వేసి ఫోను చేతి కిచ్చినను, అందలి మాట తెలియనివానికి మరల నొక దుబాసీ కావలెను. ఆ దుబాసీకి రుసుము కావలెను.

యంత్రములు వలదని మా వాదము గాదు. టవర్లు రావలసినదే, సిగ్నలు లేనిపూటను పని యాగని యేర్పాటును రావలసినదే. అంతవఱకు సాక్ష్యభార మెవరిది? 1996వ సంవత్సరపు పెసా చట్టము షెడ్యూలు ప్రాంతములలోఁ బేదఱిక నిర్మూలన పథకముల లబ్ధిదారులను గుర్తించు బాధ్యతను గ్రామసభ కొసఁగినది. ఎవ రెవరో యూరికిఁ దెలియునని చట్టమే యొప్పుకొన్నది. కావున యంత్రము "ఎఱుఁగ"నన్ననాఁడు గ్రామసభ పెద్ద లిద్దఱు పుస్తకములో వ్రాలు చేసినంతనే బియ్యము కొలిచిపెట్టవలెను. యంత్రమును గుట్టపైకి మోసికొనిపోయి యా లెక్క నెక్కించు పనిని జీతము తీసికొనువాఁడు మఱునాఁడు చూచుకొనవచ్చును.