మాధుర్యం ఎవరి పక్షం?

ఇంగ్లీషులోని ‘మెలోడియస్’ అనే మాటకు మనం ‘మధురమైన’, ‘శ్రావ్యమైన’ అని అర్థం చెప్పుకుంటాము. మధురం నాలుకకు సంబంధించినది. శ్రావ్యం చెవికి సంబంధించినది. రెండూ అనుభవించేవాడి పక్షాన నిలబడి చెప్పిన మాటలే. పాడేవాడి ఊసు రెంటిలోనూ లేదు.

అసలు మాట చరిత్ర వేరు. ‘మెలోస్’, ‘అయోడే’ అనే గ్రీకు మాటలు కలిసి ‘మెలోడియా’ అయి, లాటిన్, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. అయోడే అంటే గానం. మెలోస్ అంటే పాట. అవయవం అని కూడా అర్థం. గ్రీకులో తేనె పేరు ‘మెలి’ కావడంతో ఈ మాటలోనూ తేనె ఉన్నదని భ్రమపడడం సులభం. ఇక్కడున్నది తేనె కాదు, అంగం. దేహంతో కలిసి ఉన్నప్పుడే అది చేయి. వరసలో ఇమిడినప్పుడే అది స్వరం.

ఈ అర్థాన్ని విశాఖపట్నానికి అన్వయించి చూడండి. తీరాన పెద్ద వల లాగే జాలరుల ‘హైలెస్సా’ను కచేరీ రసికుడు మధురమనడు. కాని ఒకరు అందిస్తే పదిమంది అందుకుంటారు. ఆ ఊపుతోనే తాడు కదులుతుంది. కలిసి చేసే శ్రమలోని లయే పాటకు మూలమని జర్మన్ ఆర్థికవేత్త కార్ల్ బ్యూషర్ 1896లో వాదించాడు.

1966 నాటి ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ నినాదంలోనూ తేనెచుక్క లేదు. రెండు ముక్కలు, వాటిని బిగించిన ఒక ప్రాస. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలర్పించారు. 1971లో కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 2021లో కేంద్రం దానిని ప్రైవేటుపరం చేయ నిశ్చయించినప్పుడు కార్మికులు మళ్ళీ అదే నినాదం అందుకున్నారు.

అయితే శ్రామికుడు పాడినదల్లా గొప్పదేనా? అంత తేలికగా నేను ఒప్పుకోను. పాట శ్రమను తేలిక చేస్తుంది. తేలికపడిన శ్రమ నుంచి మరింత పని పిండుకోవడం యజమానికి తెలుసు. సైనికుల కవాతుకూ లయ ఉన్నది. కనుక అంగాలు కలిసి కదలడం ఒక్కటే చాలదు. అవి ఎవరి ఆజ్ఞకు కదులుతున్నాయి? వల లాగిన చేతులకు చేపలో వాటా ఎంత?

మాధుర్యం వద్దనడం లేదు. అలసినవాడికీ అది కావాలి. కాని వినడానికి ఎలా ఉన్నదో చెప్పి ఊరుకునే విమర్శ సగం పనే చేసినట్టు. ఈ పాట ఎవరెవరిని కలిపింది, ఎవరి మేలుకు కలిపింది అన్నది మిగిలిన సగం.