సర్వాంగ కవచం: విశ్వాసంలో నిలకడ

విశ్వాసికి ఆత్మీయ పోరాటం తప్పదని కొత్త నిబంధన పలుచోట్ల చెబుతుంది. యాకోబు పత్రిక (4:7) అపవాదిని ఎదిరించమంటుంది. పేతురు మొదటి పత్రిక (5:8-9) అతణ్ణి గర్జించే సింహంతో పోల్చి, విశ్వాసంలో స్థిరంగా ఉండమంటుంది. ఈ బోధ అన్నిటికన్నా విపులంగా ఉన్నది ఎఫెసీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం 10 నుంచి 20 వరకు ఉన్న వచనాల్లో. ఈ పత్రికను పౌలు చెరలో ఉండగా రాశాడని సంఘ సంప్రదాయం. ఆయన శిష్యుల్లో ఒకరు రాసి ఉండవచ్చని కొందరు పండితుల అభిప్రాయం.

ఎఫెసు నేటి తుర్కియే పడమటి తీరంలోని ప్రాచీన నగరం. అక్కడి అర్తెమి దేవి ఆలయం ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటి. పౌలు తురన్ను పాఠశాలలో రెండేళ్లు బోధించాడని అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చెబుతుంది. విశ్వసించిన వారిలో మాంత్రిక విద్య చేసినవారు తమ పుస్తకాలు తెచ్చి అందరి ఎదుట కాల్చేశారు. లెక్క చూస్తే వాటి విలువ 50,000 వెండి నాణేలు. అర్తెమి గుడి నమూనాలను వెండితో చేయించే దేమేత్రి తన వృత్తికి దెబ్బ తగులుతుందని తోటి పనివారిని రెచ్చగొట్టడంతో ఊరంతా అల్లరి రేగింది. అదృశ్య శక్తుల భయం, సాటి మనుషుల వ్యతిరేకత రెండూ ఆ సంఘానికి అనుభవమే.

అయినా పత్రిక తన బోధను ఒక హెచ్చరికతో మొదలుపెడుతుంది. విశ్వాసి పోరాడేది రక్తమాంసాలున్న మనుషులతో కాదు, చీకటి శక్తులతో (6:12). మిగతా బోధంతా ఈ మాట మీదే నిలుస్తుంది. హింసించేవాడు, ఎగతాళి చేసేవాడు, వేరే మతాన్ని అనుసరించేవాడు శత్రువు కాడు. క్రీస్తు ప్రేమించమన్న పొరుగువాడు. ఎదుటి మనిషిని ద్వేషించడం మొదలుపెట్టిన విశ్వాసి పోరాటంలో ఓడిపోయినట్టే.

ఆ తరువాత సర్వాంగ కవచం వర్ణన వస్తుంది. నడుముకు సత్యమనే దట్టి, రొమ్ముకు నీతి అనే మైమరువు, పాదాలకు సమాధాన సువార్త అనే జోడు, చేతికి విశ్వాసమనే డాలు, తలకు రక్షణ అనే శిరస్త్రాణం, చివరగా వాక్యమనే ఆత్మ ఖడ్గం. వీటిలో మైమరువు, శిరస్త్రాణం యెషయా గ్రంథం (59:17) లో దేవుడే ధరించినవి. అంటే విశ్వాసి తొడుక్కునేది తన సొంత బలాన్ని కాదు, దేవుడిచ్చేదాన్ని. ఆరింటిలో అయిదు కాపుదలకు ఉపయోగపడేవే. యుద్ధంలో గెలుపు క్రీస్తు సిలువ, పునరుత్థానాల్లో జరిగిపోయిందని పత్రిక మొదటి అధ్యాయంలోనే చెప్పింది కనుక, విశ్వాసికి మిగిలింది ఆ చోటు వదలకుండా నిలబడడమే.

ఖడ్గాన్ని ఎలా వాడాలో మత్తయి సువార్త 4వ అధ్యాయం చూపుతుంది. నలభై రోజుల ఉపవాసం తరువాత యేసుకు మూడు శోధనలు ఎదురయ్యాయి. మూడింటికీ ఆయన ద్వితీయోపదేశకాండంలోని మాటలతోనే జవాబిచ్చాడు. శోధకుడు కూడా ఒక కీర్తనను ఎత్తి చూపాడు. కాబట్టి వచనం కంఠస్థం వచ్చినంత మాత్రాన చాలదు, దాని భావానికి లోబడాలి.

నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో నివసించిన ఎవగ్రియస్ ఈ పద్ధతినే సాధనగా మలిచాడు. తిండిపోతుతనం మొదలు గర్వం వరకు మనిషిని పడగొట్టే ఆలోచనలను ఎనిమిదిగా విభజించి, ఒక్కొక్కదానికీ జవాబుగా లేఖన వచనాలను కూర్చాడు. వాటిలో మధ్యాహ్నం వేళ సన్యాసిని పట్టే నిరుత్సాహాన్ని ఆయన నిశితంగా వర్ణించాడు. పొద్దు కదలనట్టే ఉంటుంది. సన్యాసి మాటిమాటికీ కిటికీ వైపు చూస్తాడు, భోజనవేళ ఎప్పుడవుతుందా అని సూర్యుణ్ణి గమనిస్తాడు. ఉన్న చోటు మీద, చేస్తున్న పని మీద విసుగు పుడుతుంది. తోటివారిలో ప్రేమ లేదనిపిస్తుంది. వ్యతిరేకత ఎప్పుడూ భయంకర రూపంలోనే రాదని, గది వదిలి వెళ్లిపోవాలనే చిన్న కోరికగా కూడా వస్తుందని ఈ వర్ణన చెబుతుంది. దానికి మందు ఓర్పుతో అక్కడే ఉండడం.

ఈ బోధను రెండు రకాలుగా పాడుచేసుకోవచ్చు. జ్వరానికీ, మానసిక వ్యాధికీ, అప్పుకీ దయ్యాన్నే కారణంగా చూపడం ఒకటి. దానివల్ల రోగికి వైద్యం అందదు, తప్పు చేసినవాడికి పశ్చాత్తాపం కలగదు. కొత్త నిబంధనలోని లూకా వైద్యుడే. ప్రార్థన, చికిత్స ఒకదానికొకటి అడ్డు కావు. చెడుకు మనిషిని మించిన బలం లేదనుకుని మెలకువ విడిచిపెట్టడం రెండోది.

కవచం వర్ణన ప్రార్థనతో ముగుస్తుంది (6:18). ఆ ఆజ్ఞ ఒంటరి యోధుడికి కాదు, సంఘమంతటికీ. పరిశుద్ధులందరి కోసం ప్రార్థించమని పత్రిక కోరుతుంది. తడబడినవాణ్ణి తోటివారి ప్రార్థన నిలబెడుతుంది. సంకెళ్లలో ఉన్న పౌలు సైతం తన కోసం ప్రార్థించమని అడిగాడు. అడిగింది విడుదల కాదు, సువార్తను ధైర్యంగా చెప్పే శక్తి. పరిస్థితి మారకపోయినా అప్పగించిన పని విడవకపోవడమే ఈ పత్రిక నేర్పే నిలకడ.