అదత్తాదానము

మన యువకులు పలువురు నేడు సమాచార సాంకేతిక విద్య నభ్యసించుచున్నారు. వారు ఆ విద్యతోపాటు అచౌర్యవ్రతమును గూడ తలపవలెను. ఇయ్యనిదానిని గైకొనుటయే, అనగా అదత్తాదానమే, చౌర్యమని మన ధర్మము. తాళము పగులగొట్టనక్కరలేదు. వైద్యమునకై ఒకరు తెలిపిన రోగవివరమును వ్యాపారమునకు వాడినచో, అది ఇచ్చినదగునా?

సమ్మతి స్వేచ్ఛగా, విషయము తెలిసి ఇచ్చినదై యుండవలెనని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చెప్పుచున్నది. చదువురాని వృద్ధురాలు అర్థముకాని షరతుల క్రింద ‘అంగీకారము’ నొక్కినచో, ఆమె నిజముగా ఇచ్చినట్లేనా?

సమాచారము లేనిదే ఆసుపత్రియు బ్యాంకును నడువవు, నిజమే. గృహస్థునకు పరిగ్రహ పరిమాణవ్రతము కలదు గదా. ప్రోగ్రాము వ్రాయువాడును దానినే పాటింపవచ్చును. కావలసినంతయే అడుగవలెను, తెలియునట్లు అడుగవలెను, పని తీరగనే చెరిపివేయవలెను. పరీక్షలో ఈ ప్రశ్న రాకపోవచ్చును. ఉద్యోగములో తప్పక వచ్చును.